నల్లజాతి అమెరికా సినిమాలు, సిరీస్‌లు: ఏ ఊరితో మొదలుపెట్టాలి?

అమెరికాలో ఫిబ్రవరిని బ్లాక్ హిస్టరీ మంత్ అంటారు. ఆ నెలలో ఓటీటీ తెరిస్తే నల్లజాతివాళ్ల సినిమాలు, సిరీస్‌లు అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. బానిసత్వం మీద తీసిన సినిమా పక్కన పెళ్లి కామెడీ, దాని పక్కన పోలీసు కాల్పుల డాక్యుమెంటరీ, ఆ పక్కన సూపర్‌హీరో. కొత్తగా చూసేవాళ్లు ఏం చేస్తారు? ఆస్కార్ వచ్చినదేదో నొక్కుతారు. రెండు గంటలకు పైగా కొరడా దెబ్బలు చూసి, మనసు పాడైపోయి, మళ్లీ ఆ వరస జోలికి పోరు.

నేనైతే అవార్డుల సంగతి పక్కన పెట్టి ఊరిని బట్టి ఎంచుకోమంటాను. నల్లజాతి దర్శకులు, రచయితలు తీసినవాటిలో నిలబడిపోయినవి చాలావరకు వాళ్లు పెరిగిన పేటల్లోంచే వచ్చాయి. బ్రూక్లిన్ కోపం వేరు, అట్లాంటా వెటకారం వేరు, మయామీ మౌనం వేరు. ఏ ఊరి మాటతీరు మీకు పడుతుందో తెలిస్తే తర్వాతి పదీ వాటంతట అవే దొరుకుతాయి.

ముందు ఒక వడపోత

నల్లజాతివాళ్ల గురించి తీసినవన్నీ వాళ్లు తీసినవి కావు. 'ది వైర్' (2002-2008) సంగతే చూడండి. బాల్టిమోర్ నగరం మీద అంత లోతైన సిరీస్ ఇంకొకటి నాకు తెలీదు. నటుల్లో ఎక్కువమంది నల్లజాతివాళ్లే. కానీ దాన్ని సృష్టించిన డేవిడ్ సైమన్ ఆ ఊరి పత్రికలో పోలీసు వార్తలు రాసిన తెల్లాయన. ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ మాజీ డిటెక్టివ్. అందుకే చాలాసార్లు కెమెరా పేటలోకి పోలీసు కారెక్కి వెళ్తుంది. తప్పక చూడాల్సిన సిరీసే, కాదనను. మీకు కావలసింది ఆ పేటవాళ్ల చూపే అయితే మాత్రం దాన్ని తర్వాతకి దాచుకోండి.

బ్రూక్లిన్ వీధా, వాట్స్ ఇల్లా?

స్పైక్ లీ 'డూ ది రైట్ థింగ్' (1989) కథ న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్‌లోని బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్ పేటలో ఒక్క వీధిలో, ఎండ మండిపోయే ఒక్క రోజులో జరుగుతుంది. 1988 వేసవిలో స్టైవెసెంట్ అవెన్యూలో ఒక బ్లాకునే సెట్‌గా మార్చి తీశారు. వేడి కళ్లకి తెలియాలని గోడకి ఎర్రరంగు కొట్టారు. ఆ ఎర్రగోడ ముందు గొడుగు కింద ముగ్గురు నడివయసు మగాళ్లు కుర్చీలేసుకుని కూర్చుంటారు. పనీపాటా ఉండదు. అదే వాళ్ల రచ్చబండ. ఎదురుగా కొరియన్ దంపతుల కొట్టు. వీళ్లు ఓడ దిగి ఏడాదైనా అయిందో లేదో, అప్పుడే కొట్టు పెట్టేశారు, మనమేమో ఇక్కడే పుట్టి ఇక్కడే కూర్చున్నాం అని ఒకడు రగిలిపోతాడు. వాళ్లు మహా తెలివైనవాళ్లా, లేక మనమే దద్దమ్మలమా అని కూడా అనేస్తాడు. ఇంకొకడు లేచి, ఆ కొట్టుకే నాలుగు డబ్బులిచ్చి బీరు తెచ్చుకోవడానికి బయల్దేరతాడు.

అమెరికాలో నల్లజాతి పేటల్లో గ్యాస్ స్టేషనో, లిక్కర్ స్టోరో నడిపే మనవాళ్లు ఈ సీన్‌ని కౌంటర్ వెనక నుంచి చూస్తారు. అటువైపు నిలబడ్డవాడి మనసులో ఏముందో ఇంత సూటిగా, ఇంత నవ్విస్తూ చెప్పిన సీను అరుదు. తెలిసినవాళ్లకి నేను మొదట ఈ సినిమానే చెప్పడానికి ఆ రెండు నిమిషాలే కారణం.

పిజ్జా షాపు గోడ మీద ఎవరి ఫొటోలుండాలన్న గొడవ, చీకటి పడేసరికి ఒక కుర్రాడు పోలీసుల చేతిలో చనిపోయేదాకా పోతుంది. 1983లో న్యూయార్క్ పోలీసుల కస్టడీలో మైకేల్ స్టీవర్ట్ అనే యువకుడు చనిపోయాడు. సినిమాని అంకితమిచ్చిన కుటుంబాల్లో ఆయనదీ ఒకటి. ఆ ఏడాది సినిమాల్లో ఉత్తమ చిత్రం ఆస్కార్ ఒక తెల్ల ముసలావిడకీ ఆమె నల్లజాతి డ్రైవరుకీ మధ్య స్నేహం కథకి దక్కింది. ఆ విభాగంలో స్పైక్ లీ సినిమాకి నామినేషన్ కూడా రాలేదు. 2015లో న్యూయార్క్ నగరం ఆ బ్లాకుకి సినిమా పేరే పెట్టింది. అవార్డులని బట్టి ఎంచుకోవద్దని ఎందుకంటున్నానో అర్థమై ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కు చార్లెస్ బర్నెట్ 'కిల్లర్ ఆఫ్ షీప్'. 1965లో లాస్ ఏంజెలస్‌లోని వాట్స్ అనే నల్లజాతి పేట అల్లర్లతో భగ్గుమంది. ఆ తర్వాతి ఏళ్లలో యూసీఎల్ఏ ఫిల్మ్ స్కూల్లో నల్లజాతి విద్యార్థులు చేరడం మొదలైంది. హాలీవుడ్ పక్కనే ఉండి హాలీవుడ్‌లా తియ్యబోమని భీష్మించుకున్న బృందం అది. తర్వాత వాళ్లకి ఎల్.ఏ. రెబెలియన్ అని పేరొచ్చింది. బర్నెట్ ఆ సినిమాని శని, ఆదివారాల్లో, వాట్స్‌లో ఉండే మామూలు జనాన్నే పెట్టి, 10,000 డాలర్ల లోపు ఖర్చుతో తీసి 1977లో థీసిస్‌గా ఇచ్చాడు. అందులో వాడిన పాటల హక్కులు కొనడానికి డబ్బు లేక థియేటర్లకి రావడానికి 2007 దాకా పట్టింది.

కథానాయకుడు స్టాన్ గొర్రెల కబేళాలో పనిచేస్తాడు. ఒక సీన్‌లో స్టాన్, అతని స్నేహితుడు పాత కారు ఇంజను ఒకటి కొని, ఇరుకు మెట్ల మీదుగా మోసుకొస్తారు. ఊపిరాడదు, వేళ్లు నలుగుతాయి. ట్రక్కు అంచు మీద ఎలాగో పెడతారు. ఇంకాస్త లోపలికి తోద్దామంటే స్నేహితుడు, చాల్లే, ఏం కాదంటాడు. బండి కదలగానే ఇంజను జారి రోడ్డు మీద పడి పగిలిపోతుంది. ఇద్దరూ దాన్ని ఓ చూపు చూసి, అక్కడే వదిలేసి వెళ్లిపోతారు. ఎవరూ ఏడవరు, నేపథ్య సంగీతం పొంగదు. పేదరికం మీద ఉపన్యాసం ఒక్కటీ ఉండదు.

ఘర్షణ, డైలాగు, పాట కావాలంటే బ్రూక్లిన్ వెళ్లండి. 80 నిమిషాల పాటు కథ పెద్దగా ముందుకి కదలకపోయినా మనుషుల ముఖాలు చూస్తూ కూర్చోగలిగితే వాట్స్ వెళ్లండి. రెండోదాన్ని ఫోన్‌లో చూడకండి. నలుపు తెలుపులో 16 ఎంఎం మీద తీసిన ఆ ముఖాలు చిన్న తెర మీద ఏమీ కనిపించవు.

ఎల్.ఏ. రెబెలియన్ బృందంలోనే ఉన్న జూలీ డాష్ 'డాటర్స్ ఆఫ్ ది డస్ట్' (1991), నల్లజాతి మహిళ తీసిన చిత్రాల్లో అమెరికా అంతటా థియేటర్లలో విడుదలైన మొదటిది. సౌత్ కరోలినా తీరంలోని దీవుల్లో, 1902లో, వలస పోబోయే ఒక కుటుంబం కథ. అందంగా ఉంటుంది, అర్థం కావడానికి సమయం తీసుకుంటుంది. మొదటి సినిమాగా వద్దు.

లాస్ ఏంజెలస్ ఇష్టమే కానీ అంత నిదానం మా వల్ల కాదంటే ఇస్సా రే 'ఇన్‌సెక్యూర్' (2016-2021) ఉంది. యూట్యూబ్‌లో వెబ్ సిరీస్‌తో మొదలుపెట్టి హెచ్‌బీఓ దాకా వచ్చిన అమ్మాయి ఆమె. ఇంగిల్‌వుడ్, ఆ చుట్టుపక్కల పేటల్లో ఉద్యోగాలు చేసుకునే, అద్దెలు కట్టుకునే, ప్రేమలో తప్పటడుగులేసే నల్లజాతి యువత కథ. పోలీసులు, తుపాకులు కథని నడపవు. ఇందులో నాకు బాగా నచ్చింది లైటింగ్. రంగుల ఫిల్మ్ వచ్చాక దశాబ్దాల పాటు ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి తెల్లమ్మాయి ఫొటో ఉన్న షిర్లీ కార్డు వాడేవారు. దాంతో నల్లటి ముఖాలు మసకబారి పడేవి. ఈ సిరీస్ కెమెరా బృందం రాత్రి సీన్లలో కూడా ఒక్కో ఛాయనీ దాని మెరుపుతో చూపించింది. చామనఛాయ అమ్మాయి పాత్రకి తెల్లటి హీరోయిన్‌ని తెచ్చి రంగు పులిమే అలవాటున్న మన పరిశ్రమ వాళ్లు ఒక ఎపిసోడ్ అయినా నోట్‌బుక్ పట్టుకుని చూడాలి.

అట్లాంటాలో రెండు దారులు

అసలు తగువు ఇక్కడుంది. అట్లాంటా నుంచి వచ్చే కథల్లో టైలర్ పెర్రీది ఒక దారి, డోనాల్డ్ గ్లోవర్‌ది ఇంకో దారి. ఒకటి నచ్చినవాళ్లకి రెండోది నచ్చడం తక్కువ.

పెర్రీ న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు. అట్లాంటా వచ్చి 1992లో వేసిన మొదటి నాటకం బోల్తా కొట్టింది, కొంతకాలం కారులో పడుకున్నాడు. 1998లో అదే నాటకం మళ్లీ వేస్తే జనం విరగబడ్డారు. చర్చికి వెళ్లే నల్లజాతి ఆడవాళ్లు ఆయనకి మహారాజ పోషకులు. చేతిసంచిలో తుపాకి పెట్టుకుని తిరిగే మడీయా అనే గయ్యాళి ముసలమ్మ వేషం తనే కట్టి, 2005లో ఆ పాత్రతో తెర మీదికొచ్చాడు. కుటుంబ సెంటిమెంటు, మోసం చేసిన మొగుడు, దేవుడి మీద భారం, మధ్యలో మడీయా నోటిదురుసు. మన డైలీ సీరియళ్లు చూసే ఇంట్లో ఇది సులువుగా ఎక్కుతుంది. 2019లో ఒకప్పటి సైనిక స్థావరం ఫోర్ట్ మెక్‌ఫెర్సన్‌లో 330 ఎకరాల స్టూడియో తెరిచాడు. అప్పటికే జార్జియా రాష్ట్రం ఇచ్చే పన్ను రాయితీల వల్ల హాలీవుడ్ షూటింగులు అట్లాంటాకి తరలుతున్నాయి. ఆ వరదలో ఒక నల్లజాతివాడు స్టూడియోకే యజమాని అయ్యాడు. నచ్చినా నచ్చకపోయినా ఇది చిన్న సంగతి కాదు.

నచ్చనివాళ్లలో స్పైక్ లీ ఉన్నాడు. ఒకప్పుడు తెల్లవాళ్లని నవ్వించడానికి నల్లవాళ్లని కోతిచేష్టలు చేసేవాళ్లలా చూపించేవారు, పెర్రీ అదే చేస్తున్నాడని 2009లో బహిరంగంగానే దుయ్యబట్టాడు. పెర్రీ ఊరుకోలేదు, గట్టిగానే తిరగబడ్డాడు. అయినా పదేళ్ల తర్వాత స్టూడియో తెరిచినప్పుడు 12 సౌండ్ స్టేజీలకి నల్లజాతి కళాకారుల పేర్లు పెడుతూ ఒకదానికి స్పైక్ లీ పేరే పెట్టాడు.

గ్లోవర్ అట్లాంటా దగ్గర స్టోన్ మౌంటెన్‌లో పెరిగాడు. 'అట్లాంటా' (2016-2022) నాలుగు సీజన్లు, 41 ఎపిసోడ్లు. మొదటి సీజన్ రాసినవాళ్లందరూ నల్లజాతివాళ్లే. ఇల్లు కూడా లేని ఎర్న్ అనే కుర్రాడు, ర్యాపర్‌గా పైకొస్తున్న తన కజిన్‌కి మేనేజరు అవుతాడు. ఇది కథ అనుకుని కూర్చుంటే నిరాశపడతారు. కథ ఎప్పుడు పడితే అప్పుడు పక్కదారి పడుతుంది. మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్ మొత్తం ఒక ఉత్తుత్తి టీవీ ఛానెల్, మధ్యలో ఉత్తుత్తి ప్రకటనలతో సహా.

మీకు ఈ సిరీస్ పడుతుందో లేదో తేల్చుకోవాలంటే రెండో సీజన్‌లో 'బార్బర్‌షాప్' ఎపిసోడ్ పెట్టండి. ముందు కథ తెలియక్కర్లేదు. ర్యాపర్ ఆల్ఫ్రెడ్ కటింగ్‌కి వెళ్తాడు. మంగలి బిబ్బీ సగం తల గీసి, ఇప్పుడే వస్తా, నువ్వూ రా అని కారెక్కిస్తాడు. అక్కణ్ణుంచి ఎవరింటికో, అక్కణ్ణుంచి కట్టడం జరుగుతున్న చోట కలప దొంగిలించడానికి. ఫోన్‌లో వాగుడు ఆపడు, తల మాత్రం పూర్తి చెయ్యడు. పేరున్న ర్యాపర్ సగం కటింగుతో ఊరంతా తిరుగుతాడు. ఇంకోసారి ఆల్ఫ్రెడ్ పక్క కుర్చీలో వేరే మంగలి దగ్గర కూర్చుంటాడు. ఎలా చెయ్యమంటారని అతనడిగితే నోట మాట రాదు. ఇన్నేళ్లూ బిబ్బీకి చెప్పాల్సిన అవసరమే రాలేదు మరి. ఇది చూసి మీకు నవ్వు రాకపోతే సిరీస్ వదిలేయండి, మొహమాటం వద్దు.

నాలుగో సీజన్‌లో గ్లోవర్, పెర్రీ మీద ఒక ఎపిసోడే విసిరాడు. పెద్ద స్టూడియో, ఎవరికీ కనబడని యజమాని, గంటకో సిరీస్ చుట్టేసే పద్ధతి. పేరు మార్చాడు కానీ ఎవరినన్నాడో అట్లాంటాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పెర్రీవి ఒకటి రెండు చూసి ఉంటేనే ఆ ఎపిసోడ్‌లో మజా. నా ఓటు గ్లోవర్‌కే. కానీ అట్లాంటా శివార్లలో ఆల్ఫరెట్టా, కమింగ్ వైపు ఉంటూ ఊళ్లోంచి వచ్చిన అత్తగారితో కలిసి చూసేవాళ్లకి మాత్రం పెర్రీనే చెప్తాను.

ఓక్లాండ్, మయామీ

ఓక్లాండ్‌లో 1980లో సగానికి కాస్త తక్కువ జనం నల్లజాతివాళ్లే. 2020 నాటికి నాలుగో వంతు కూడా లేరు. అద్దెలు తరిమేశాయి. ఆ ఊరి సినిమాల్లో ఇల్లు పోతుందన్న భయం ఎక్కడో ఒకచోట తగులుతుంది. బూట్స్ రైలీ 'సారీ టు బాదర్ యూ' (2018) ఒక టెలిమార్కెటర్ కథ. ఫోన్‌లో ఎంత మొత్తుకున్నా ఎవరూ కొనరు. పక్క సీటు పెద్దాయన రహస్యం చెప్తాడు: తెల్లవాడి గొంతుతో మాట్లాడు. హైదరాబాద్ కాల్ సెంటర్లలో యాస మార్చుకుని, పేరు మార్చుకుని రాత్రి షిఫ్టులు చేసినవాళ్లకి ఈ సినిమా మొదటి అరగంట విడమరచి చెప్పక్కర్లేదు. రెండో సగం పిచ్చెక్కిపోతుంది. అది సహించగలిగినవాళ్లకే. అదే ఊరివాడైన ర్యాన్ కూగ్లర్ మొదటి సినిమా 'ఫ్రూట్‌వేల్ స్టేషన్' (2013) మాత్రం నిజంగా జరిగింది. 2009 జనవరి 1న రైల్వే ప్లాట్‌ఫాం మీద పోలీసు కాల్చిన ఆస్కార్ గ్రాంట్ చివరి రోజు. నిద్రపోయే ముందు పెట్టకండి.

మయామీకి ఒక్క సినిమా చాలు, 'మూన్‌లైట్' (2016). దర్శకుడు బ్యారీ జెంకిన్స్, మూలకథ రాసిన టారెల్ ఆల్విన్ మెక్రేనీ ఇద్దరూ లిబర్టీ సిటీ పేటలోనే పెరిగారు, ఇద్దరి తల్లులూ మత్తుమందుకి బానిసలైనవాళ్లే. మగపిల్లాణ్ణి ప్రేమించే ఒక నల్లజాతి కుర్రాడు మూడు వయసుల్లో మనకి కనిపిస్తాడు. ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది, ఈసారి వాళ్లు తప్పు చెయ్యలేదు. కుటుంబమంతా కూర్చుని చూసేది కాదు, ఒంటరిగా చూడండి.

పిల్లలతో అయితే

ఇంతవరకు చెప్పినవాటిలో పిల్లలతో కూర్చుని చూడదగ్గది దాదాపు లేదు. ఆ లోటు ఫిలడెల్ఫియా తీరుస్తుంది. క్వింటా బ్రన్సన్ 'అబట్ ఎలిమెంటరీ' 2021లో మొదలైంది. ఒక్కో ఎపిసోడ్ దాదాపు 22 నిమిషాలే. ఆమె వెస్ట్ ఫిలడెల్ఫియా అమ్మాయి, వాళ్లమ్మ టీచరు. బడికి తన ఆరో తరగతి టీచరు పేరే పెట్టింది. మొదటి ఎపిసోడ్‌లో గొడవంతా తరగతిలో పరిచే రగ్గు గురించి. పిల్లాడు తడిపేసిన రగ్గుకి బదులు కొత్తది కావాలని టీచరమ్మ తిరుగుతుంటుంది, వచ్చిన డబ్బుతో ప్రిన్సిపాల్ బడి ముందు తన బొమ్మతో బోర్డు పెట్టిస్తుంది. జిల్లా పరిషత్ స్కూల్లో చాక్‌పీసులకి సొంత డబ్బు పెట్టిన టీచర్లెవరైనా మీ ఇంట్లో ఉంటే వాళ్లని పిలిచి కూర్చోబెట్టండి.

మనవాళ్లు కనిపించేవి కావాలంటే రెండున్నాయి. 'మిస్సిసిపీ మసాలా' (1991) మీరా నాయర్ తీసింది కాబట్టి నా వడపోతలో నిలవదు. అయినా ఉగాండా నుంచి తరిమేస్తే మిస్సిసిపీ వచ్చి మోటెల్లో బతికే భారతీయ కుటుంబం, నల్లజాతి అల్లుడు అనగానే ఎలా మారిపోతుందో అంత నిర్దాక్షిణ్యంగా చూపించిన సినిమా ఇంకోటి లేదు. రెండోది ఆవా డువర్నే 'ఆరిజిన్' (2023). అమెరికా జాతివివక్షనీ మన కులాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన ఇసబెల్ విల్కర్సన్ పుస్తకం ఎలా పుట్టిందన్నది కథ. అంబేడ్కర్ ఉన్నారు, ఢిల్లీ ఉంది. సినిమాగా కొంచెం పాఠంలా సాగుతుంది, కానీ మన ఇళ్లలో చర్చ మొదలుపెట్టడానికి దీనంత పనికొచ్చేది లేదు.

చూసేటప్పుడు రెండు సంగతులు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. 'అట్లాంటా'లో సగం హాస్యం గొణుగుళ్లలోనే ఉంటుంది. రెండోది, పాత్రలు తమలో తాము వాడుకునే ఆ ఒక్క తిట్టుమాటని (ఎన్-వర్డ్ అంటారు) మన పిల్లలు ఇంట్లో సరదాకి అనేస్తుంటారు. ఎందుకు అనకూడదో సిరీస్ మొదలుపెట్టే ముందే చెప్పండి.

అమెరికాలో ఉండేవాళ్లకి పండుగలూ ఉన్నాయి. లాస్ ఏంజెలస్‌లో 1992 నుంచి జరుగుతున్న పాన్ ఆఫ్రికన్ ఫిల్మ్ ఫెస్టివల్ ఫిబ్రవరిలో వస్తుంది. సినిమాలతో పాటు చిత్రాలు, చేతిపనుల సంత కూడా ఉంటుంది కాబట్టి సినిమా పిచ్చి లేనివాళ్లకీ కాలక్షేపమే. 1997లో అకపుల్కోలో పుట్టి తర్వాత మయామీ చేరిన అమెరికన్ బ్లాక్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో తారల సందడి ఎక్కువ, పరిశ్రమలో పని వెతుక్కునేవాళ్లకి అదే నయం. ఫిలడెల్ఫియాలో 2012లో మొదలైన బ్లాక్‌స్టార్ ఫిల్మ్ ఫెస్టివల్ ఆగస్టు ప్రాంతంలో వస్తుంది. పేర్లు తెలియని దర్శకులు, చిన్న సినిమాలు, ప్రయోగాలు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటే కారులో గంట, గంటన్నర దూరం. మూడింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను ఇదే చెప్తాను. పెద్ద సినిమాలు ఎలాగూ ఇంటికొస్తాయి, లఘుచిత్రాలు మాత్రం అక్కడ తప్పితే మళ్లీ దొరకవు. టికెట్ కొనేటప్పుడు షార్ట్స్ (లఘుచిత్రాల) ప్యాకేజీ తీసుకోండి, ఒకటి నచ్చకపోయినా పది నిమిషాల్లో ఇంకోటి వచ్చేస్తుంది.